మావాడు నన్ను తాగానంటున్నాడు మేడమ్!



గత నెల పీటీఎంలో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక కూడా లేవలేదు. పక్కవాళ్లకు వినబడకుండా కాస్త ముందుకు వంగి, "మేడమ్, ఒక్క మాట. మావాడు నన్ను తాగానంటున్నాడు. నాకసలు ఆ అలవాటే లేదు" అన్నారు. ఏం తాగారన్నాడు అని అడిగితే, "ఏదో కూల్-ఎయిడ్ అట" అన్నారు.

జరిగిందేమిటంటే, వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పిల్లల జ్ఞాపకశక్తి పెంచే పొడి గురించి పెట్టారు. ఒకరు కొన్నారు, ఇద్దరు కొన్నారు, వారం తిరిగేసరికి ఆ బ్లాకంతా కొనేసింది. ఈయన కూడా రెండు డబ్బాలు తెప్పించారు. డబ్బా చూసిన కొడుకు "డాడీ, యూ హావ్ డ్రంక్ ద కూల్-ఎయిడ్" అన్నాడు. యూట్యూబ్‌లో విన్న మాట. నిజం చెప్పాలంటే ఇంగ్లిష్ టీచర్‌గా నాకు లోలోపల సంతోషమే వేసింది. సందర్భం కుదిరింది, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కూడా తప్పు పోలేదు.

నేను నవ్వేసి, "అది ఇడియమ్ అండీ. గుడ్డిగా నమ్మడం అని అర్థం. అమెరికాలో ఎవరో మతగురువు చెబితే జనమంతా కూల్-ఎయిడ్‌లో విషం కలుపుకుని తాగేశారట" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. వెనక ఇంకో పదిమంది పేరెంట్స్ నిలబడి ఉన్నారు మరి. ఆ రాత్రి అనుమానం వచ్చి చదవడం మొదలుపెట్టాను. నేను చెప్పిన ఆ ఒక్క ముక్కలో మూడు తప్పులున్నాయి. అది జరిగింది అమెరికాలో కాదు. వాళ్లు వాడింది ప్రధానంగా కూల్-ఎయిడ్ కాదు. ఇక 'తాగేశారు' అన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ నాన్నగారికి నేను బాకీపడిన జవాబు ఇది. మీ ఇళ్లలో కూడా ఈ మాట వినబడుతూ ఉండొచ్చు కాబట్టి అందరికీ రాస్తున్నాను.

ముందు అర్థం చూద్దాం. మన భాషలో ఇలాంటి మాటలకు కొదవ లేదు. గంగిరెద్దులా తల ఊపడం అంటాం. తాన అంటే తందాన అంటాం. గొర్రెదాటు అంటాం, నలుగురితో పాటు నారాయణా అంటాం. కానీ వీటిలో ఏదీ ఈ ఇంగ్లిష్ ఇడియమ్‌కు సరిగ్గా సరిపోదు. గంగిరెద్దు తల ఊపేది ఆడించేవాడి చేతిలో తాడుంది కాబట్టి. తందాన అనేవాడికి లోపల వేరే అభిప్రాయం ఉంటుంది, పైకి మాత్రం అవసరం కొద్దీ వంత పాడతాడు. గొర్రె అయితే అసలు ఆలోచించదు, ముందుది దూకిందని తనూ దూకుతుంది. కూల్-ఎయిడ్ తాగినవాడు ఈ ముగ్గురిలాంటి వాడు కాదు. అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. చెప్పినవాడి మాటను తన మాటే అనుకుంటున్నాడు. ఇంకెవరైనా కాదంటే తనే వాదనకు దిగుతాడు. అందుకే ఈ మాటలో వెక్కిరింతతో పాటు 'ఇక వీడికి ఎంత చెప్పినా ఎక్కదు' అన్న నిట్టూర్పు కూడా ఉంటుంది.

వాడుక గురించి ఒక్క చిన్న సంగతి. 'కూల్-ఎయిడ్' ముందు 'ద' తప్పకుండా రావాలి. అది లేకపోతే ఇడియమ్ పోయి నిజంగానే షర్బత్ తాగినట్టు అవుతుంది. ఇది మాట్లాడుకునే భాషలో మాట, బోర్డు పరీక్షల వ్యాసాల్లో వద్దు.

ఇంతకీ కూల్-ఎయిడ్ అంటే ఏమిటి? మన రస్నా లాంటిది. 1927లో అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని హేస్టింగ్స్ అనే ఊళ్లో ఎడ్విన్ పెర్కిన్స్ అనే ఆయన తయారుచేసిన పొడి. నీళ్లలో చక్కెరతో కలిపితే రంగురంగుల పానీయం అవుతుంది. అక్కడ పిల్లల పుట్టినరోజులకు, వేసవి సెలవులకు విడదీయలేని జ్ఞాపకం. అలాంటి పసిపిల్లల పానీయం పేరు ఇలాంటి అర్థంలోకి ఎలా వచ్చిందన్నదే అసలు కథ.

జిమ్ జోన్స్ అనే మతబోధకుడు 1950లలో ఇండియానాపోలిస్ నగరంలో పీపుల్స్ టెంపుల్ అనే సంస్థ మొదలుపెట్టాడు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. 'అంత మూర్ఖంగా ఎలా నమ్మారు' అనే ప్రశ్న మీకూ నాకూ వెంటనే వస్తుంది. మొదట్లో వాళ్లు నమ్మినదాంట్లో మూర్ఖత్వం పెద్దగా కనబడదు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే చర్చిలో కూర్చోవడం అరుదుగా ఉన్న రోజుల్లో ఈయన అందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాడు. పేదలకు ఉచితంగా భోజనం పెట్టించాడు. వృద్ధులను చూసుకునే ఇళ్లు నడిపాడు. భార్యతో కలిసి వేరువేరు జాతుల పిల్లలను దత్తత తీసుకున్నాడు. 1961లో ఆ నగర మానవహక్కుల కమిషన్‌కు డైరెక్టర్ అయ్యాడు. 1965లో తన మనుషులతో కాలిఫోర్నియాకు తరలి వెళ్లాడు. అక్కడ రాజకీయ నాయకులు ఆయన వేదికల మీద కూర్చునేవారు. మన పక్కింట్లో ఇలాంటి మనిషి ఉంటే మనమూ చందా ఇచ్చేవాళ్లమే.

ఆ మంచి పనుల పక్కనే ఇంకొకటి నెమ్మదిగా పెరిగింది. రోగాలు నయం చేస్తానన్నాడు. క్యాన్సర్ గడ్డ తీశానని చూపించినవి కోడి పేగులని తర్వాత బయటపడింది. ఆ మోసంలో సాయం చేసిన దగ్గరివాళ్లకు అది తెలుసు, అయినా మంచి ఉద్దేశం కోసమే కదా అని సర్దుకున్నారు. సభ్యులు ముందు కొంత విరాళం ఇచ్చారు, ఆ తర్వాత జీతం, ఇంకా తర్వాత ఇల్లు. ప్రశ్నించినవాళ్లను అందరి ముందూ నిలబెట్టి అవమానించేవారు, కొట్టేవారు. ఏ మెట్టూ అంతకు ముందు దానికంటే మరీ ఎత్తుగా ఉండదు. వెనక్కి తిరిగి చూస్తేనే ఎంత దూరం వచ్చారో తెలిసేది.

1977లో ఒక పత్రిక ఈ విషయాలు బయటపెట్టబోతుంటే, జోన్స్ వందలమందిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని గయానాకు వెళ్లిపోయాడు. క్రికెట్ చూసే నాన్నలకు ఆ దేశం కొత్త కాదు, క్లైవ్ లాయిడ్, చందర్‌పాల్ అక్కడివాళ్లే. అక్కడి దట్టమైన అడవిలో ప్రభుత్వం దగ్గర లీజుకు తీసుకున్న భూమిలో తన పేరుతోనే జోన్స్‌టౌన్ అనే ఊరు కట్టించాడు. వెళ్లిన వాళ్ల పాస్‌పోర్టులు తీసేసుకున్నారు. ఇంటికి రాసే ఉత్తరాలు వేరేవాళ్లు చదివాకే కదిలేవి. మైకుల్లో రోజంతా జోన్స్ గొంతు వినబడేది. బయటి ప్రపంచం గురించి ఆయన చెప్పిందే వార్త. కొన్ని రాత్రులు అందరినీ లేపి, శత్రువులు దాడికి వస్తున్నారని భయపెట్టేవారు. ఒకసారి ఏదో పానీయం ఇచ్చి తాగించి, అది విషమని చెప్పి, కాసేపటి తర్వాత 'కాదు, మీ విధేయతకు పరీక్ష పెట్టాం' అన్నారు. ఈ రాత్రులకు వాళ్లు పెట్టుకున్న పేరు 'వైట్ నైట్'.

బంధువుల ఫిర్యాదులు ఎక్కువయ్యాయి. కాలిఫోర్నియాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు లియో రయన్ స్వయంగా చూడటానికి 1978 నవంబర్‌లో అక్కడికి వెళ్లాడు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన మా వృత్తిలోనే ఉండేవాడు, స్కూలు టీచరు. మొదటి రోజు సాయంత్రం ఆయనకు పాటలు, ఆటలతో స్వాగతం పలికారు. ఆ సందడిలోనే ఎవరో ఒక చీటీ అందించారు, మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లండి అని. మర్నాడు, నవంబర్ 18న, పదిహేను మంది దాకా ఆయనతో బయలుదేరారు. దగ్గర్లోని పోర్ట్ కైటుమా ఎయిర్‌స్ట్రిప్‌లో విమానం ఎక్కుతుండగా జోన్స్ మనుషులు కాల్పులు జరిపారు. రయన్‌తో పాటు ముగ్గురు మీడియావాళ్లు, వెళ్లిపోదామనుకున్న ఒక మహిళ చనిపోయారు.

అదే సాయంత్రం జోన్స్‌టౌన్‌లో అందర్నీ మండపం దగ్గరికి పిలిచారు. ఇక సైన్యం వస్తుంది, పిల్లల్ని హింసిస్తుంది, మనమే ముందుగా పోదాం అని జోన్స్ చెప్పాడు. పెద్ద గంగాళం లాంటి పాత్రలో ద్రాక్ష రుచి పానీయం, అందులో సైనైడ్.

ఆ సభ మాటలు టేపులో రికార్డయ్యాయి, ముప్పావు గంట దాకా ఉంటుంది. దాంట్లో క్రిస్టీన్ మిల్లర్ అనే 60 ఏళ్ల నల్లజాతి మహిళ లేచి జోన్స్‌తో వాదించడం వినబడుతుంది. రష్యాకు వెళ్లిపోవడానికి వీల్లేదా అని అడిగింది. ప్రాణం ఉన్నంతవరకు ఆశ ఉంటుంది అంది. ఈ పసివాళ్లకు బతికే హక్కుంది అంది. అరిచి కాదు, మర్యాదగానే. జోన్స్ జవాబు చెబుతూ వచ్చాడు. ఆమె నోరు మూయించింది మాత్రం ఆయనొక్కడే కాదు, చుట్టూ ఉన్న జనం. నువ్వు చావుకు భయపడుతున్నావు, నువ్వు ఇవాళ ఇలా ఉన్నావంటే ఆయన వల్లే అని కేకలు వేశారు. ఆమె పక్కన ఇంకో గొంతు లేవలేదు. ఆమె కూడా అక్కడే చనిపోయింది.

మొత్తం 918 మంది. జోన్స్‌టౌన్‌లో 909, ఎయిర్‌స్ట్రిప్‌లో 5, రాజధాని జార్జ్‌టౌన్‌లో సంస్థకున్న ఇంట్లో 4. వీళ్లలో 300 మందికి పైగా పిల్లలు. ముందు పిల్లలకే ఇచ్చారు, సూది లేని సిరంజీలతో నోట్లో పోశారు. పిల్లలు పోయాక తల్లిదండ్రులకు బతకాలన్న కోరిక ఎక్కడ మిగులుతుంది? చుట్టూ తుపాకులు పట్టుకున్న కాపలాదార్లు. తర్వాత శవాలను పరిశీలించిన గయానా వైద్యుడు లెస్లీ మూటూ చాలామంది ఒంటి మీద సూది గుచ్చిన గుర్తులు చూశానని చెప్పాడు. వీళ్లలో ఎందరు నమ్మి తాగారు, ఎందరు భయపడి తాగారు, ఎందరి నోట్లో బలవంతంగా పోశారు? 'తాగేశారు' అని నేను పీటీఎంలో చెప్పిన ఒక్క మాటలో ఈ తేడాలన్నీ కొట్టుకుపోయాయి. నెలల పిల్లకు విధేయత ఏమిటి?

ఆ రోజు తెల్లవారగానే మెల్లగా జారుకున్నవాళ్లు కొందరున్నారు. పిక్నిక్‌కు వెళుతున్నామని చెప్పి అడవి దారి పట్టి, రైలు పట్టాల వెంట మైళ్లకొద్దీ నడిచారు. వాళ్లలో ఒక తల్లి మూడేళ్ల కొడుకును వీపున కట్టుకుని నడిచింది. అందరూ తలూపే చోట తల ఊపనివాళ్లు కూడా ఉన్నారన్నమాట, మనం వాడుకునే ఇడియమ్‌లో మాత్రం వాళ్లకు చోటు లేదు.

పానీయం పేరు సంగతికి వస్తే, అక్కడ ఎక్కువగా వాడింది 'ఫ్లేవర్ ఎయిడ్' అనే ఇంకో కంపెనీ పొడి. కానీ అమెరికాలో ఇలాంటి పొడి ఏదైనా జనం నోట కూల్-ఎయిడే. ఏ మిషన్ మీద తీసినా మనకు జిరాక్స్ అయినట్టు, ఏ కంపెనీ వనస్పతి అయినా మన అమ్మమ్మలకు డాల్డా అయినట్టు. అలా ఆ కంపెనీ ఏ పాపం ఎరగకుండానే పేరు ఇరుక్కుపోయింది.

1980ల నుంచి ఈ మాట రాజకీయాల్లోకి, తర్వాత ఆఫీసుల్లోకి వచ్చింది. మీలో ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు అమెరికా క్లయింట్ల నోట వినే ఉంటారు. కొత్తగా చేరి, కంపెనీ గొప్పల్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడి గురించి అలా అంటారు. కొన్నిచోట్ల మెచ్చుకోలుగా కూడా వాడతారు, నేనూ తాగాను అని గర్వంగా చెప్పుకుంటారు. అది విన్నప్పుడు నాకైతే ఒళ్లు జలదరిస్తుంది. అయినవాళ్లను అక్కడ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఈ మాట విన్న ప్రతిసారీ బాధపడతామని చెప్పారు. రయన్ వెంట వెళ్లిన సహాయకురాలు జాకీ స్పియర్‌కు అప్పుడు 28 ఏళ్లు, దాదాపు నా వయసు. ఐదు తూటాలు తగిలి, ఆ ఎయిర్‌స్ట్రిప్ దగ్గరే రాత్రంతా పడి ఉండి బతికింది. తర్వాత ఆమె కూడా కాంగ్రెస్ సభ్యురాలైంది. ఆమె ఉన్న గదిలో ఎవరైనా ఈ మాట జోక్‌గా అంటే ఎలా ఉంటుందో ఊహించండి.

అందుకని పిల్లలకు నేను చెప్పేదిదీ: వింటే అర్థం చేసుకోండి, మీరు మాత్రం వాడకండి. గుడ్డిగా నమ్మాడనాలంటే 'బ్లైండ్లీ బిలీవ్' చాలు. పైవాళ్లు గీసిన గీత దాటడం లేదనాలంటే 'టో ద లైన్' ఉంది, కాలి వేళ్లు గీతకు ఆనించి వరుసలో నిలబడటం నుంచి వచ్చిన మాట. అసెంబ్లీలో రోజూ చేసేదే కాబట్టి మా పిల్లలకు చెప్పగానే అర్థమైంది. అన్నట్టు చాలామంది దాన్ని తాడుతో లాగడం అనే 'టో' స్పెల్లింగ్‌తో రాస్తారు, అది తప్పు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ క్రిస్టీన్ మిల్లర్ పక్కన ఇంకో గొంతు లేవలేదన్న సంగతి నన్ను వదల్లేదు. దీని మీద బీఈడీలో చదువుకున్న ఒక ప్రయోగం గుర్తొచ్చింది. 1961లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రమ్ మొదలుపెట్టినది. మామూలు మనుషులను పిలిచి, పక్క గదిలోని వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మరింత ఎక్కువ కరెంటు షాక్ ఇవ్వమన్నారు. షాక్‌లు నిజం కాదు, ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు తెలియదు. కోటు వేసుకున్న పెద్దమనిషి 'కొనసాగించండి' అంటే 40 మందిలో 26 మంది చివరి మీట, 450 వోల్టుల దాకా వెళ్లారు. ఆ మీట నొక్కే పాత్రకు పెట్టిన పేరు 'టీచర్'. అది చదివి అప్పట్లో మేం నవ్వుకున్నాం. మరో విడతలో, పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో 'మేం చెయ్యం' అని లేచిపోయేలా ఏర్పాటు చేశారు. అప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.

మా క్లాసు సంగతి కూడా చెప్పాలి. జులైలో సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్ చెబుతూ బోర్డు మీద 'వన్ ఆఫ్ ద బాయ్స్ ఆర్ ఆబ్సెంట్' అని పొరపాటున రాశాను. 'ఈజ్' అని ఉండాలి. "అర్థమైందా?" అంటే "ఎస్ మేడమ్!" అని క్లాసు దద్దరిల్లింది. సాయంత్రం నోట్‌బుక్స్ దిద్దుతుంటే 38 పుస్తకాల్లోనూ నా తప్పే ఉంది. ఒక అమ్మాయి పుస్తకంలో మాత్రం ముందు పెన్సిల్‌తో 'ఈజ్' అని రాసి, రబ్బరుతో చెరిపి, దాని మీద 'ఆర్' అని పెన్నుతో రాసినట్టు తెలుస్తోంది. మర్నాడు పిలిచి అడిగాను. "మీరు ఆర్ అని రాశారు కదా మేడమ్" అంది. భయపడుతూ కూడా కాదు, అదేదో మామూలు విషయమన్నట్టు అంది. తనకు తెలిసిన సరైన జవాబును ఆ పిల్ల తన చేత్తోనే చెరిపేసుకుంది.

మీ పిల్లలు ఇంటికొచ్చి "మేడమ్ చెప్పింది తప్పేమో" అంటే, దయచేసి "నీకంటే మేడమ్‌కు ఎక్కువ తెలుసులే" అనకండి. ఎందుకనుకుంటున్నావని అడగండి. వాళ్లు పొరబడితే మేం వివరిస్తాం, మేం పొరబడితే దిద్దుకుంటాం. డైరీలో ఒక వాక్యం రాసి పంపినా చాలు. క్రమశిక్షణ పోతుందేమో అని ఒక అమ్మగారు ఆందోళనపడ్డారు. అడగడానికీ ఎదిరించడానికీ తేడా పిల్లలకు మనం అనుకున్నదానికంటే బాగా తెలుసండీ.

ఆగస్టు నుంచి శుక్రవారం పీరియడ్‌లో బోర్డు మీద కావాలనే ఒక తప్పు రాస్తున్నాను, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాను. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. రెండో వారం చివరి బెంచీలో గుసగుసలు వినబడ్డాయి, అంతే. మూడో వారం ఒకబ్బాయి సగం చెయ్యెత్తి మళ్లీ దించేశాడు. పక్కవాడు "చెప్పరా" అని మోచేత్తో పొడిచాక లేచి చెప్పాడు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు "మేం కూడా చూశాం మేడమ్" అన్నారు. పెన్సిల్‌తో రాసుకున్న అమ్మాయి ఇప్పుడు పెన్నుతోనే రాస్తోంది.

పోయిన శుక్రవారం రెండు తప్పులు పట్టుకున్నారు. నేను కావాలని పెట్టింది ఒక్కటే.